అయిపోయిన ఇప్పుడు

హొగేనక్కల్,
జూన్ 4.

అక్కకు,

అందరం క్షేమం అని మొదలుపెట్టాలని చూశాను, చెయ్యి రాలేదు. మా పాప వెన్నిల బడికి పోతోంది, కనిమొళి చేపల బండి బాగానే సాగుతోంది. బాగా లేనిది నేనొక్కడినే.

ఫోన్ చేస్తే బావ ఎత్తుతాడు. నీ చెవులు పోయాక నీతో ఫోన్‌లో మాట్లాడేదీ లేదు. నీ కూతురి చేత చెప్పిద్దామంటే, చిత్ర కడుపుతో ఉన్న పిల్ల, భయపడుతుంది. తాత మనిద్దరినీ కూర్చోబెట్టి నేర్పిన ఈ తెలుగు అక్షరాలు రెండిళ్ళలో ఇంకెవరికీ రావు. కనిమొళి నాతో తెలుగే మాట్లాడుతుంది గానీ ఈ కాగితం ముందు పెడితే తలకిందులుగా పట్టుకుంటుంది. అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం సవారీలు లేక నా పరిసల్ పుట్టిని ఒడ్డున బోర్లించి బండి పక్కన అన్నం తింటున్నాను. కనిమొళి పెనం మీద నుంచి చేప ముక్క తీస్తూ, "కారం సాలదా? ఇంకొంచెం ఏసేదా?" అని అడిగింది. ఆ మాట ఆమె నోట్లో ఉండగానే అది ఎప్పుడో అయిపోయిన మాట అని నాకు తెలిసిపోయింది. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. అదీ అయిపోయిందే. నూనె మర్దన చేసే చిన్నప్పన్ భుజాన తువ్వాలు వేసుకుని పోయాడు. అదీ అంతే. నా చేతిలో ముద్ద కూడా ఎవరో తినేసిన ముద్ద.

ఇది ముందే జరిగిందే అని అందరికీ ఎప్పుడో ఒకసారి అనిపిస్తుంది. దానికి నవ్వుకుని మరిచిపోతాం. ఇది అలాంటిది కాదు అక్కా. దీని వెనకే కడుపు అడుగు నుంచి ఒక భయం లేచి గొంతు దాకా వచ్చింది. దేనికి భయమో తెలియదు. పులి లేదు, పాము లేదు. ఎదురుగా నా పెళ్ళాం చేపలు వేయిస్తోంది, నేను వణికిపోతున్నాను. కాసేపటికి పోయింది. ఒళ్ళంతా బరువెక్కి అక్కడే పడి నిద్రపోయాను. ఆ తరువాత కూడా వచ్చింది, మళ్ళీ మళ్ళీ.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఇప్పుడు అనేది నిజంగా ఉందా? ఇప్పుడు అని నోరు తెరిచేలోపు అది పోతుంది. పోయినదాన్ని పట్టుకుని ఇప్పుడు అంటున్నాం. మరి మనం ఉన్నదెక్కడ? అంతా అయిపోయి, మనకు తరువాత తెలుస్తోందా? ఇంతకుముందు ఇలాంటివి నా తలలోకి వచ్చేవి కావు. నువ్వు నాకంటే ఎక్కువ చదివావు, చెప్పు.

పరిసల్ వాళ్ళకు గానీ కనిమొళికి గానీ తెలియనివ్వలేదు. తెలిస్తే నన్ను నీళ్ళ మీదికి పోనివ్వరు.

నీ తమ్ముడు
బాబు


పాపిరెడ్డిపట్టి,
జూన్ 11.

మా బాబుకు, అక్క దీవెనలతో.

నీ ఉత్తరం వచ్చినప్పుడు కుప్పాయి రవిక చేతులు కుడుతున్నాను. ఆమె ఎదురుగానే కూర్చుని ఉంది, చదువుతుంటే నా ముఖం మారడం చూసింది. "ఏమాయె అలమేలూ, తమ్ముడికి ఒళ్ళు బాగలేదా?" అంది. ఏమీ లేదన్నాను. నమ్మలేదు. ఎడమ చెయ్యి పొట్టిగా కుట్టేసి మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

ఇక్కడ రెండు వానలు పడ్డాయి. చిట్టేరి కొండ పచ్చబడింది. మీ బావ కిరాణా కొట్టు ముందు రేకు మళ్ళీ కారుతోంది.

బాబూ, నువ్వు భయపడే విషయం కాదేమో ఇది. మన మునివెంకటమ్మ అవ్వ గుర్తుందా? ఆమె ఒంటి మీదికి అమ్మవారు వచ్చి పలికేది. మనిషి గడప దాటక ముందే వాళ్ళు ఏం అడగబోతారో చెప్పేది. పలికే ముందు ఆమె కూడా ఇలాగే వణికేదట, తరువాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేదట. అమ్మ చెప్పేది. జరగబోయేది నీకు ముందే తెలుస్తోందంటే అది ఎక్కడి నుంచో దిగి వచ్చిందే. వద్దనకు. శుక్రవారం తలకు పోసుకుని దీపం పెట్టు.

ఇప్పుడు అనేది ఉందా అని అడిగావు. నన్నడిగితే, చెవులు పోయిన నాటి నుంచి నాకు అందరి మాటా ఆలస్యంగానే వస్తోంది. ముందు పెదవులు కదులుతాయి, కాసేపాగి అర్థం అందుతుంది. అందేసరికి వాళ్ళు వేరే మాటలో ఉంటారు. అలవాటైపోయింది. అందులో ఇంత భయమేముంది?

నా భయం వేరు. కాన్పుకు వచ్చిన చిత్రకు ఎనిమిదో నెల పడింది. పాదాలు పొంగాయి. నర్సమ్మ వచ్చి చెయ్యికి పట్టీ కట్టి చూసి, రక్తపోటు ఎక్కువగా ఉంది, ధర్మపురి పెద్దాసుపత్రిలో చేర్చండి అంటోంది. నాకు ఆసుపత్రి మీద నమ్మకం లేదు. నేను చెవులతో లోపలికి పోయి అవి లేకుండా బయటికి వచ్చాను కదా. జ్వరం వల్ల పోయాయో, సూదుల వల్ల పోయాయో ఈనాటికీ ఎవరూ చెప్పలేదు.

నీకేదైనా కనబడిందా బాబూ, చిత్ర గురించి? కనబడితే దాచకు.

అక్క
అలమేలుమంగ


హొగేనక్కల్,
జూన్ 19.

అక్కా,

నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావు. నాకు ముందుది ఏమీ తెలియదు. తెలిసి ఉంటే ఇంత భయం ఉండేది కాదు, పక్కకు తప్పుకునేవాడిని. వచ్చేది రాకముందు తెలియడం లేదు. వచ్చేటప్పుడే, ఇది వచ్చి పోయింది అని అనిపిస్తోంది. ఈ రెంటికీ తేడా ఉంది. ఎలా చెప్పాలో తెలియడం లేదు. మునివెంకటమ్మ అవ్వకు రేపు కనబడిందేమో. నాకు ఇవాళ కూడా దొరకడం లేదు.

మొన్న ఆదివారం జరిగింది చెప్తాను. సేలం నుంచి ఒక కుటుంబం వచ్చింది. మొగుడూ పెళ్ళాం, ముసలమ్మ, ఇద్దరు పిల్లలు. అందరికీ నారింజ రంగు జాకెట్లు కట్టి కూర్చోబెట్టాను. రెండు వైపులా రాళ్ళు గోడల్లా నిలబడే ఇరుకు దారి ఉందే, అందులోకి పోయాక ముసలమ్మ "నీళ్ళు ఎంత లోతు నాయనా?" అని అడిగింది. ఆ ప్రశ్న అయిపోయిన ప్రశ్న. భయం లేచింది. తెడ్డు గట్టిగా పట్టుకున్నాను. అంతవరకే నాకు తెలుసు.

తరువాత తెలిసింది పిల్లల అరుపులు. పరిసల్ గిరగిరా తిరుగుతోంది. తెడ్డు నా ఒళ్ళో ఉంది. వెనక పరిసల్‌లో వస్తున్న చిన్నకణ్ణు మా అంచు పట్టుకుని, "ఏమిరా, నిద్రపోతా ఉండావా? తెడ్డు ఎయ్!" అని అరుస్తున్నాడు. అతని అరచెయ్యి కోసుకుని నెత్తురు కారుతోంది. ఇంకొంచెం పోయి ఉంటే రాతికి కొట్టుకునేవాళ్ళం. మధ్యలో ఏమైందో నాకు లేదు అక్కా. మరిచిపోవడం కాదు, అసలు లేదు. గుడ్డలో ముక్క కత్తిరించి రెండంచులూ కలిపి కుట్టేసినట్టు.

ఆ కుటుంబం ఏమందో తెలుసా? మేము పరిసళ్ళను సరదాకు తిప్పి చూపిస్తాం కదా, అదే అనుకున్నారు. చప్పట్లు కొట్టారు. చిన్న పిల్ల "అణ్ణా, ఇంకో సుత్తు సుత్తండి" అంది. నేను నవ్వాను. ఒడ్డుకు వచ్చాక రాళ్ళ వెనక్కి పోయి వాంతి చేసుకున్నాను.

చిన్నకణ్ణు ఎవరికీ చెప్పనన్నాడు. కానీ నా ముఖం వంక చూసి, "తాగినావా?" అని అడిగాడు. తాగానని చెప్పాను. తాగుబోతు అనుకున్నా పరవాలేదు, ఇది చెప్పలేను.

నర్సమ్మ చెప్పినట్టు చెయ్యి అక్కా. చిత్రకు ఏమీ కాదు. నాకైతే దాని బిడ్డను ఎత్తుకున్నట్టే ఉంది. దాన్ని ఏడిపించకుండా ఉండు.

బాబు


పాపిరెడ్డిపట్టి,
జూన్ 26.

నా తమ్ముడికి,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. నీ ఉత్తరం చివరి మాటలు చదివి గోడకు ఆనుకుని ఏడ్చాను. చిత్రకు చూపించాను. అక్షరాలు రాకపోయినా ఆ చోట వేలు పెట్టి, "ఇదేనా అమ్మా? బిడ్డను ఎత్తుకున్నట్టే ఉండాదని ఈడనా రాసిండేది?" అని అడిగింది. ఆ కాగితం ముక్క కత్తిరించి దిండు కింద పెట్టుకుంది. ఇన్నాళ్ళకు రాత్రి నిద్రపోతోంది.

మీ బావ కూడా ఒప్పుకున్నాడు. నర్సమ్మ మళ్ళీ వస్తే చిత్ర పొలానికి పోయిందని చెప్పి పంపేశాం. ఆసుపత్రికి పోయేది లేదు. ఇక్కడే మంత్రసానమ్మ ఉంది, నేను చిత్రను కన్నది కూడా ఆమె చేతుల్లోనే. నువ్వు చూసిన బిడ్డ ఎలాగైనా వస్తుంది కదా, ఎక్కడైతే ఏం?

పరిసల్ తిరిగిందంటే కావేరమ్మ పట్టి తిప్పింది. మరి నీ పరిసల్ ఎక్కినవాళ్ళలో ఒక్కరికైనా గీత పడిందా చూడు.

ఒక సంగతి. కుప్పాయి నా చేత చెప్పించుకుంది. ఆమె ఊరుకోలేదు, నలుగురికీ చెప్పింది. నిన్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నీ ఊరు ఎక్కడ, ఏ రోజు పలుకుతావు అని అడిగారు. కోప్పడకు.

చిత్రకు కొంచెం తలనొప్పి. ఎండ వల్ల.

అలమేలక్క


పాపిరెడ్డిపట్టి,
జూలై 2.

బాబూ,

నువ్వు నిన్న మీ బావకు ఫోన్ చేశావు. అది రోగమో ఏమో, నా మాట నమ్మొద్దు, చిత్రను వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి అన్నావట. తరువాత చిత్రతో కూడా మాట్లాడావట. "మామా, నాకేమీ కాదని నువ్వే చెప్తివి కదా, ఆ మాట పట్టుకునే నేను ఉండేది" అంటే నువ్వు ఏడ్చావని చెప్పింది.

ఎందుకు ఏడ్చావు? ఏం చూశావు?

మొదట మంచి చూశావు. ఇప్పుడు వేరేది చూసి, చెప్పలేక రోగం అంటున్నావు. నాకు అర్థమైంది. మీ బావ, "దేవుడి మాట నోట్లో పెట్టుకుని అబద్ధమాడతా ఉండాడు" అంటున్నాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. చిత్ర ఆ కాగితం ముక్క చేతిలో పట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఎల్లుండి శుక్రవారం పొద్దున్నే చిట్టేరి కొండ మీది అమ్మవారికి తీసుకుపోతున్నాం. జీపు మాట్లాడాము. నువ్వు చూసినది ఏదైనా సరే, అక్కడ మొక్కితే మారుతుందని కుప్పాయి అంటోంది. అయిపోయినది మారదు గానీ ఇంకా కానిది మారుతుంది కదా? నీకు అది ఎలా కనబడింది, అయిపోయినట్టా, కాబోయేటట్టా? అదొక్కటి చెప్పు, చాలు. మిషను మీద సూది రెండుసార్లు విరిగింది. టపా ఆలస్యమని ఇది హొగేనక్కల్ బస్సు కండక్టరు చేత పంపుతున్నాను.

అక్క


ధర్మపురి పెద్దాసుపత్రి,
జూలై 3, సాయంత్రం.

అక్కా,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. ఇవాళ చివరి బస్సు పోయింది, కనిమొళి రేపు మొదటి బస్సు ఎక్కి నీ చేతికే ఇస్తుంది. ఇందులో ఒక్క అక్షరం ఆమెకు రాదు, కానీ ఇందులో ఉన్నదంతా ఆమెకు తెలుసు. నిన్న అన్నీ చెప్పేశాను. ఎందుకు రహస్యంగా రాశానో అది కూడా. "నాకు సదువు రాదనే కదా ఈ అక్షరాలు రాసింది నువ్వు?" అని ఒక్కమాట అని, పక్క దులిపి వేసి పడుకుంది. పొద్దున లేచి, "నడూ ధర్మపురికి" అంది.

ఎలాగూ నీళ్ళు ఎక్కువై పరిసళ్ళు ఆపేశారు. ఆసుపత్రిలో చీటీ కోసం వరుసలో నిలబడి ఉండగా మళ్ళీ వచ్చింది. ఈసారి పెద్దది. కింద పడి కొట్టుకున్నానట. నాలుక తెగింది. కనిమొళి చీర నిండా నెత్తురు. ఆమె ఆ చీరతోనే మీ ఇంటికి వస్తుంది, మార్చుకోమన్నా వినలేదు. వాళ్ళు చూడనీ అంటోంది.

ఇక్కడ కణ్ణగి అని ఒక డాక్టరమ్మ ఉంది, చిన్న వయసే. నేను సగం చెప్పగానే, "అంతకు ముందు కడుపులోంచి భయం లేచిందా?" అని ఆమే అడిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను ఒక్కడినే కాదు అక్కా, దీనికి పేరుంది. మూర్ఛ. మెదడులో ఒక పక్క, జ్ఞాపకం, భయం ఉండే చోట ఒక చిన్న మచ్చ స్కాన్‌లో కనబడింది. అక్కడ మంట లేచినప్పుడు, కొత్తగా వచ్చేదాని మీద కూడా పాతది అనే ముద్ర పడుతుందట. ముద్ర తప్పు, అంతే. ముందుది ఎవరికీ కనబడదు, నాకూ కనబడలేదు.

నేను ఊరుకోక ఆమెను కూడా అడిగాను, ఇప్పుడు అనేది ఉందా అని. "మనందరికీ అన్నీ కొంచెం ఆలస్యంగానే తెలుస్తాయి. కళ్ళు, చెవులు పంపినవన్నీ మెదడు కూర్చి చూపించేలోపు కాస్త గడిచిపోతుంది" అంది. మరి అసలు ఇప్పుడు ఎక్కడుంది అంటే, "అది నా వార్డులో లేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మాత్ర వేసుకుంటే ముద్ర సరిగా పడుతుందేమో, ఈ భయం మాత్రం ఉండిపోతుందేమో.

చిత్ర బిడ్డను ఎత్తుకున్నట్టే ఉంది అన్నది నేను చూసి రాసింది కాదు. మేనమామ నోటి మాట అది. ఏ మామ అయినా అంటాడు. ఫోన్‌లో ఏడ్చింది కూడా చూసి కాదు, నా మాట పట్టుకుని మీరు ఆగిపోయారని. చిత్ర తలనొప్పి, కాళ్ళ పొంగు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నవ్వడం ఆపేసింది. "ఈ గంటలోనే తీసుకురమ్మనండి" అంది. మళ్ళీ ఫోన్ చేశాను, బావ ఎత్తలేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు: నాకు ఏమీ కనబడలేదు. అయిపోయినట్టూ కాదు, కాబోయేటట్టూ కాదు. ఇది అందరికీ వినబడేలా చదువు. చదివాక జీపును కొండకు కాదు, ఇటు తిప్పించు. పరిసల్ తోలే అనుమతి కార్డు పొద్దున బయలుదేరేటప్పుడే చిన్నకణ్ణుతో ఆఫీసుకు తిరిగి పంపేశాను. ఇంక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు.

బాబు


ధర్మపురి పెద్దాసుపత్రి, పై అంతస్తు,
జూలై 6.

తమ్ముడూ,

మగవాళ్ళను ఈ వార్డులోకి రానివ్వరు, నిన్ను మంచం దిగనివ్వరు. నీకూ నాకూ మధ్య మెట్లే ఉన్నాయి, అయినా ఉత్తరమే రాస్తున్నాను. కనిమొళి కింద నుంచి పైకి, పై నుంచి కిందికి తిరుగుతోంది.

ఆమె వచ్చేసరికి జీపు గుమ్మం ముందు నిలబడి ఉంది. పళ్ళెంలో కొబ్బరికాయలు, చిత్ర తలలో పూలు. కనిమొళి చీర చూసి కుప్పాయి వెనక్కి జరిగింది. నీ ఉత్తరం గట్టిగా చదివాను. గట్టిగానే చదివానని అనుకుంటున్నాను, నా గొంతు నాకు వినబడదు కదా. ముగించి తల ఎత్తితే మీ బావ ముఖం కప్పుకుని ఉన్నాడు. చిత్ర పెదవులు కదిలాయి. "అమ్మా, కళ్ళ ముందర మిణుగురులు ఎగురుతా ఉండాయి." పట్టపగలు బాబూ.

ఆ జీపులోనే బయలుదేరాం. దావలో దానికి ఫిట్స్ వచ్చింది. నీకు వచ్చినప్పుడు కనిమొళి చూసింది, నా బిడ్డకు వచ్చినప్పుడు నేను చూశాను. పళ్ళు కరుచుకుపోయాయి. కనిమొళే దాన్ని పక్కకు తిప్పి పట్టుకుంది, నిన్ను పట్టుకున్నట్టే పట్టుకుందట. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. అరిచానో లేదో తెలియదు.

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. చేపపిల్లంత ఉంది, గాజు పెట్టెలో పెట్టారు, ఊపిరి తీస్తోంది. చిత్ర నిన్నంతా కళ్ళు తెరవలేదు. పొద్దున తెరిచింది. నేను వంగి ముఖం ముఖం దగ్గర పెట్టాను. పెదవులు చదివాను. "లైట్ ఏయ్ అమ్మా" అంది. కిటికీలోంచి ఎండ దాని చెంప మీదే పడుతోంది.

చూపు లేదు. డాక్టరమ్మలు వచ్చి చూశారు. ఈ జబ్బులో ఇలా అవుతుంది, చాలామందికి తిరిగి వస్తుంది అన్నారు. అందరికీ వస్తుందా అని అడిగాను. సమాధానం చెప్పిన డాక్టరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది, పెదవులు అందలేదు.

నేను మళ్ళీ అడగలేదు. దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అది నా గొంతు వింటుంది, నన్ను చూడలేదు. నేను దాన్ని చూస్తాను, దాని గొంతు వినలేను. ఇలా ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నాడి కొట్టుకుంటోంది. ఒక దెబ్బ పోయి ఇంకో దెబ్బ వచ్చేదాకా నాకు ఊపిరి ఆడడం లేదు. నువ్వు ఇన్నాళ్ళూ ఎలా భయపడ్డావో ఇవాళ తెలిసింది.

తప్పు ఎవరిదో వెతికే ఓపిక నాకు లేదు.

అక్క


కింద వార్డు,
అదే రోజు.

అక్కా, చదివాను. నువ్వు రాసినప్పటి నుంచి ఇప్పటికి ఏమైనా మారిందా? నువ్వు రాసింది నేను చదివేసరికి పాతదైపోతోంది. ఇక పెద్దగా రాయకు. ఏది ఎలా ఉంటే అది ఒక్క ముక్క రాసి పంపు. కనిమొళి తిరగడానికి ఒప్పుకుంది.

బాబు


పై అంతస్తు,
జూలై 7, పొద్దున.

అలాగే ఉంది. మంచినీళ్ళు తాగింది. మీ బావ పసిపిల్లల గది బయట గాజు పెట్టెనే చూస్తూ నిలబడి ఉన్నాడు, కదలడం లేదు.

అక్క


కింద వార్డు,
జూలై 7.

నాకు రాత్రి మళ్ళీ లేచింది, చిన్నదే. డాక్టరమ్మ మాత్ర పెంచింది. నా సంగతి వద్దు. చిత్ర?

బాబు


పై అంతస్తు,
జూలై 7, మధ్యాహ్నం.

బాబూ, తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కూడదీసుకుని చదువు.

చిత్ర నా భుజం తట్టింది. కిటికీ వైపు చెయ్యి చూపించి ఏదో అంది. పెదవులు అందక మళ్ళీ చెప్పించుకున్నాను. "అమ్మా, ఆ ఎర్రగా ఉండేది బస్సేనా?" అంది. నేను వెనక్కి తిరగడానికి భయపడ్డాను. తిరిగి చూస్తే అక్కడ ఏమీ లేకపోతే?

తిరిగాను. రోడ్డు మీద వేపచెట్టు కింద ఎర్ర బస్సు ఆగి ఉంది.

నీ మంచం పక్కన కూడా కిటికీ ఉందని కనిమొళి చెప్పింది. లేచి చూడు. అది పోకముందే చూడు.

అక్క


కింద వార్డు.

చూశాను అక్కా. ఇంకా ఉంది. డ్రైవర్ మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

బాబు